పదిహేను వందల యాభై ఐదో అక్షరం

సిరిసిల్ల,
జూన్ 8

పెద్దమ్మా,

మన ఇంట్లో నా గురించి ఇప్పుడు ఒకే మాట నడుస్తోంది. వందనకు పెళ్లి ఇష్టం లేదు, అందుకని లేని రోగం తెచ్చి ఇంటికి అంటగడుతోంది. అమ్మ అంది, నాన్న కాదనలేదు. పక్కింటి సత్తవ్వ అయితే వాకిట్లో నిలబడి, "వద్దంటె వద్దనాలె గని, కన్నతల్లి కడుపుకు పేరు వెడ్తరా?" అని పోయింది. మెట్‌పల్లి నుంచి చూపులకు రావలసినవాళ్లను కొన్నాళ్లు ఆగమన్నారు. ఆ సంబంధం గురించి నేను ఇంతవరకు అవుననీ కాదనీ అనలేదు. అబ్బాయి పేరు కరుణాకర్ అని తప్ప నాకేమీ తెలియదు. నేను మాట్లాడింది చెవుల గురించి.

ఫోన్ చేస్తే నీకు వినపడదు. అనురాధక్క ఫోన్‌కు పంపితే నీ కంటే ముందు తను చదువుతుంది. నీ బిడ్డే అయినా ఇది ముందు నువ్వు చదవాలి. అందుకే కాగితం.

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకని నాలుగు నెలలు హైదరాబాద్‌లో ఉన్నాను గదా. అది వినికిడి పోయిన కుటుంబాల మీద పరిశోధన చేసే ల్యాబ్. పని నేర్చుకునేటప్పుడు రోగులవి ముట్టనివ్వరు, మా ఉమ్మి మీదే మేం పరీక్ష చేసుకోవాలి. ఏ తేడా లేని మనిషిది ఎట్లా ఉంటుందో చూపడానికి నాది పెట్టాను. తేడా నా దాంట్లోనే కనిపించింది.

మన ఒంట్లో ప్రతి కణంలోనూ మైటోకాండ్రియా అని ఉంటాయి. కణానికి కావలసిన శక్తి చేసేవి అవే. వాటికి సొంత రాత ఒకటి ఉంది, మొత్తం పదహారు వేల ఐదు వందల అరవై తొమ్మిది అక్షరాలు. నా దాంట్లో పదిహేను వందల యాభై ఐదో అక్షరం మారి ఉంది. ఆ రాత తండ్రి నుంచి రాదు, తల్లి నుంచే వస్తుంది. నాకుంటే అమ్మకు ఉండాలి, నీకూ, బాలకిషన్ మామకూ ఉండాలి. అమ్మ కడుపున పుట్టిన లతక్కకూ ఉండాలి, తనకు ఇప్పుడు ఐదో నెల. పుట్టబోయే బిడ్డకూ ఉంటుంది.

ఆ అక్షరం ఒక్కటే చాలాసార్లు ఏమీ చేయదు. దానికి ఇంకొకటి తోడైతే చెవులు పోతాయి. ఆ ఇంకొకటి ఏమిటో ఇప్పుడు రాయను. రాస్తే నీకు గుర్తున్నది కాకుండా నేను చెప్పింది రాస్తావు. నీ చెవులు ఎప్పుడు, ఎట్లా పోయాయో చెప్పు.

తప్పు నాదీ ఉంది. ఈ సంగతి అందరం అన్నం తినేటప్పుడు చెప్పాను. "నీ నుంచే వచ్చిందమ్మా" అని, అమ్మమ్మ నగ ఏదో దొరికినట్టు మురిసిపోతూ చెప్పాను. అమ్మ సగం పళ్లెంలోనే చేయి కడిగేసింది.

నీ వందన


కోరుట్ల,
జూన్ 21

బిడ్డ వందనకు పెద్దమ్మ ఎల్లవ్వ దీవించి రాసేది.

మేం మంచిగున్నం. పోస్టుమాన్ నీ కవరు ఇచ్చుకుంట "కోర్టు కాయిదమా అవ్వా?" అన్నడు. పెదవులు చూసి సమజ్ చేసుకున్న. ఉత్తరాలు రాసేటోల్లు ఎవ్వలు లేరు గదా ఇప్పుడు. బీడీలు చేసుడు ఇడిశిపెట్టి రెండుసార్లు చదివిన.

నా చెవులు సాంచలు తిన్నయి. గిది కొత్త ముచ్చటనా? మీ తాత సాంచలు నడిపే కార్ఖానల, ఆ కరెంటు మగ్గాల నడుమ, నాకు బుద్ధి తెలిసిన కాంచి పెండ్లి అయ్యేదాక కండెలు చుట్టిన. నలభై సాంచలు ఒక్కతీరుగ మొత్తుకుంటుంటె ఎవలికి నిలుస్తయి చెవులు? అండ్ల అందరు చేతులతోనే మాట్లాడుకుందురు. బాలకిషన్‌కు చెవులు వోయిన సంగతి రెండేండ్ల దాక మాకు ఎర్కనే లేదు. ఒకనాడు కరెంటు పోయి సాంచలన్ని బందైనయి. మీ అమ్మమ్మ ఎన్కనుంచి "చాయ తాగుతవారా?" అంటె పలుకలే. మల్ల అన్నది, పలుకలే. గప్పుడు తెలిసింది. అప్పటిదాక సేటు వాన్ని మెచ్చుకుంటనే ఉండె, "గీ పోరడు ముచ్చట్లు పెట్టడు, వాని పని వానిదే" అని.

మా అనురాధది వేరే. అది సాంచల మొఖమే చూడలే. నాలుగేండ్లప్పుడు జెరమచ్చి పోయినయి. దాని గురించి రాసేది ఏం లేదు.

నువ్వు రాసిన మైటో ఏందో నాకు సగమే సమజైంది. అన్ని కణాలల్ల ఉంటదంటివి, శక్తి చేస్తదంటివి, మల్ల దానికి రాత ఉంటదంటివి. జెర మా తీరోల్లకు చెప్పినట్టు చెప్పు. మీ అవ్వ, నా చెల్లె గదా, దాని మీద కోపం వెట్టుకోకు. దానికి మాట పడుడు అలవాటు లేదు, చిన్నప్పటి సంది మా ఇంట్ల మాటలన్ని నేనే పడ్డ.

పెద్దమ్మ


సిరిసిల్ల,
జూలై 2

పెద్దమ్మా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. "అనురాధది వేరే" అన్న దగ్గర ప్రతిసారీ ఆగాను. వేరే కాదు పెద్దమ్మా, అంతా ఒకటే. ఎట్లాగో చెబుతాను. ఇది తెలిసిన రోజు నేను ల్యాబ్ బయట మెట్ల మీద కూర్చుని నా చేతిని నేనే చాలాసేపు చూసుకున్నాను.

రెండు వందల కోట్ల ఏండ్ల కింద భూమ్మీద చెట్టు లేదు, చేప లేదు. ఉన్నవన్నీ కంటికి ఆనని ఒంటికణం జీవులే. అందులో ఒక చిన్న సూక్ష్మజీవి, మనం ఇప్పుడు బ్యాక్టీరియా అంటాం, ఇంకో పెద్ద కణం లోపలికి పోయింది. అది దీన్ని మింగిందో, ఇదే చొరబడిందో ఎవరూ చూడలేదు. మామూలుగా అయితే అరిగిపోవాలి. ఇది అరగలేదు. లోపలే ఉండిపోయింది, గాలిని వాడుకుని శక్తి చేసి పెట్టడం మొదలుపెట్టింది. అది లేకుండా ఆ పెద్ద కణం బతకలేదు, ఆ కణం లేకుండా ఇది బతకలేదు. దాని సంతతే మైటోకాండ్రియా. ఒక్కొక్క కణంలో వందలు, వేలు. నువ్వు ఇప్పుడు పీల్చిన ఊపిరి చివరికి చేరేది వాటి దగ్గరికే. అవి రోజంతా చేసే ఇంధనాన్ని తూకం వేయగలిగితే దాదాపు నీ బరువంత ఉంటుంది. చేసింది చేసినట్టే ఖర్చయిపోతుంది గనక మనకు తెలియదు.

ఇంతకాలం మనలో ఉండి కూడా అది తన పాత రాతలో కొంత దాచుకుంది. ఆ పదహారు వేల చిల్లర అక్షరాలు అవే. తల్లి అండంలో ఉన్నవే బిడ్డకు వస్తాయి. తండ్రి వైపువి ఒకటో అరో లోపలికి వచ్చినా కణమే వాటిని చెరిపేస్తుంది. నాకున్నవి అమ్మవి, అమ్మకున్నవి అమ్మమ్మవి. అమ్మమ్మ వాళ్ల అమ్మ పేరు మన ఇంట్లో ఎవరికీ తెలియదు. నేను నాన్నను అడిగాను, తెలియదన్నాడు, అమ్మను అడిగాను, తలుపు వేసుకుంది. పేరు తెలియని ఆమె లోపలివి ఇప్పుడు నా వేళ్లలో పని చేస్తున్నాయి, ఈ పెన్ను నడుపుతున్నాయి.

ఇక చెవుల సంగతి. కొన్ని సూది మందులు ఉన్నాయి, బ్యాక్టీరియాను చంపడానికే చేసినవి. అవి బ్యాక్టీరియా లోపల ఒక చోటు వెతుక్కుని అక్కడ పట్టుకుంటాయి. మామూలు మనుషుల మైటోకాండ్రియాలో ఆ చోటు కాలం మీద కొంచెం మారిపోయింది, మందు దాన్ని పట్టుకోలేదు. మన దాంట్లో ఆ ఒక్క అక్షరం వల్ల అది మళ్లీ పాత బ్యాక్టీరియా చోటులాగే తయారైంది. మందు వచ్చి శత్రువే అనుకుంటుంది. చెవి లోపల చప్పుడును పట్టే సన్నటి కణాలు ఉంటాయి, వాటికి శక్తి చాలా కావాలి. ముందు పోయేవి అవే. పోతే మళ్లీ మొలవవు.

సాంచల చప్పుడుకు చెవులు మందగించడం నిజమే. కాని దానికి ఏండ్లు పడుతుంది. మీ ముగ్గురికీ అట్లా పోలేదని నా అనుమానం. మామను అడిగాను, కాలు చీము పట్టినప్పుడు వారం రోజులు సూదులు వేశారట, అటు తరువాతే.

నీకు ఎప్పుడైనా టీబీ వచ్చిందా? అనురాధక్కకు ఆ జ్వరంలో సూది వేయించారా? ఎన్ని? ఎవరు వేయమన్నారు? అన్నీ రాయి. లతక్క బిడ్డకు పుట్టగానే ఏ జ్వరమో వస్తే మొదట వేసేవాటిలో ఆ రకం సూది ఒకటి ఉంటుంది.

వందన


కోరుట్ల,
ఆగస్టు 17

బిడ్డా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. అనురాధకు దొరకద్దని బియ్యం డబ్బల వెట్టిన. అన్నం వండినప్పుడల్ల చేతికి తాకుతుంటె మూతవెడుతున్న.

నాకు పెండ్లయిన రెండో ఏడు టీబీ వచ్చింది. అరవై సూదులు ఏసిన్రు. అవి అయిపోయేటాల్లకు చెవులల్ల చప్పుడు షురూ అయింది, అచ్చం సాంచల చప్పుడే. ఈడ సాంచలు లేవు, కార్ఖాన లేదు. పుట్టింటి సాంచలు నా ఎంట వచ్చినయి అనుకున్న. గా చప్పుడు ఎక్కువైంది, దానెన్క మనుషుల మాటలు మునిగిపోయినయి. సాంచలే తిన్నయని నేనే అందరికి చెప్పిన. ఇప్పటికి ఆ చప్పుడు ఉన్నది.

అనురాధది రాస్త. ఇంతవరకు ఎవ్వలకు చెప్పలే.

దానికి జెరమొస్తె ఆర్‌ఎంపీ దగ్గరికి తీస్కపోయిన. ఆయన మంచోడే. చూసిండు, గోలీలు ఇచ్చిండు, మూడు వేళ్లు చూపెట్టిండు, మూడొద్దులల్ల తగ్గుతదని. నేను లేవలే. సూది ఏయమని నా జబ్బ చూపెట్టిన. గోలీలతోని జెరం పోతదా ఏంది? సూది ఏయకుంటె దవాఖానకు పోయినట్టేనా? ఆయన వద్దని చెయ్యి ఊపిండు. నేను పొల్లను బల్ల మీద పండవెట్టి బట్ట జరిపిన. ఐదొద్దులు, పొద్దుగాల ఒకటి మాపటీలి ఒకటి, నేనే కాళ్లు పట్టుకున్న. ఏడిశి ఏడిశి నా చెయ్యి కొరికింది. జెరం పోయింది. సూది చేసిన పని అని అందరికి చెప్పుకున్న.

కొన్నొద్దులకు ఐస్‌బండాయన వాకిట్లకెల్లి పోయిండు. నాకు గంట వినవడదు, కని ఆయన చెయ్యి ఊగుడు కనవడుతది. వాడకట్టు పోరగాండ్లంత ఉరికిన్రు. మా పొల్ల గడపల కూసోని మట్టితోని ఆడుతనే ఉన్నది. తల లేవలే.

ముప్పై ఏండ్ల సంది జెరం అని చెప్పుకుంట వచ్చిన, చెప్పి చెప్పి నమ్మిన. ఎవరు వేయమన్నారు అని అడిగితివి. నేనే. నాకెందుకు రాసినవే నువ్వు?

అనురాధకు చెప్పకు.


సిరిసిల్ల,
ఆగస్టు 24

పెద్దమ్మా,

ఎందుకు రాశావని అడిగావు. నాకు తెలిసింది నన్ను ఊపేసింది, అది నీ ఇంట్లో ఎవరి మీద పడుతుందో చూసుకోలేదు. అమ్మతో చేసిన తప్పే నీతోనూ చేశాను.

ఒక్కటి మాత్రం నిజంగా నిజం. ఆ అక్షరానికీ ఆ మందుకూ సంబంధం ఉందని లోకంలో మొదటిసారి కనిపెట్టి రాసింది 1993లో. అనురాధక్కకు జ్వరం వచ్చింది 1995లో. నువ్వు సూది అడిగిన రోజు ఆ సంగతి కోరుట్లలో కాదు, దేశంలోనే ఎంతమందికి తెలుసో వేళ్ల మీద చెప్పవచ్చు. వద్దన్న ఆర్‌ఎంపీ కూడా దీనికోసం వద్దనలేదు. జ్వరంతో ఉన్న ఇంకే తల్లి బిడ్డకైనా ఆ పది సూదులు వేస్తే మామూలుగా చెవులు పోవు. మన బిడ్డకు పోయాయి. నీ బాధ దీనితో తీరుతుందని రాయడం లేదు.

లతక్క సంగతి. మొదటి కాన్పు మన దగ్గరే జరగాలి. చూపించుకునే డాక్టరమ్మ జగిత్యాలలోనే ఉందని అత్తగారు పంపలేదు. అమ్మే అక్కడికి పోయింది. నేను అక్కకు ఫోన్ చేశాను. గొంతు తగ్గించి, "అత్తమ్మ ముందట నాతోని కాదే. నువ్వే వచ్చి డాక్టరమ్మకు చెప్పు" అంది. అంతలో అమ్మ ఫోన్ తీసుకుని, "పిల్లగాడు పుట్టకముందుకే చెవిటోడని పేరు వెడ్తవా? కాలు కింద వెట్టకు ఈడ" అంది. కాన్పు అక్టోబరు మొదటి వారంలో అన్నారు. అప్పటికి పది రోజుల ముందే పోయి కూర్చుంటాను. ఈలోపు హైదరాబాద్ పోయి ఆ పరీక్ష మళ్లీ చేయించుకుంటాను. ఒక్కసారి చేసింది తప్పు కావచ్చు గదా అని ఎవరూ అనకుండా.

ఇందులో ఒక కాగితం వేరుగా మడిచి పెట్టాను. వేయకూడని మందుల పేర్లు, ఎందుకు వేయకూడదో, బదులుగా వేరే మందులు ఉన్నాయనీ డాక్టర్లకు అర్థమయ్యేట్టు ఉంది. నీకు గానీ అనురాధక్కకు గానీ ఏ జ్వరమొచ్చినా ముందు అది చూపించు.

అక్కకు నేను చెప్పను. అది నీది.

వందన


కోరుట్ల,
సెప్టెంబరు 13

వందనా,

నువ్వు జగిత్యాల చేరేటాల్లకు మేం వాపస్ బస్సెక్కినం. బీడీలకు తునికాకు నానవెట్టి వచ్చిన గదా, కుళ్లిపోతదని. గందుకే రాస్తున్న, మల్ల మీ అవ్వ చెప్పేది ఒకతీరుగ ఉంటది.

మొన్న పొద్దుగాల అనురాధ ఉర్కచ్చి ఫోన్ నా ముందట వెట్టింది. నువ్వు రాసింది. లతకు నెల ముందుగాలనే కొడుకు పుట్టిండు, పిల్లగానికి జెరం, సూదులు షురూ చేస్తున్నరు, నేను హైదరాబాద్‌ల బస్సెక్కిన, అమ్మ నా మాట ఇంటలేదు, బావ ఫోను ఎత్తుతలేడు, పెద్దమ్మ దగ్గరి కాయిదం పట్టుకొని పోండ్రి అని. ఏ కాయిదం అని అనురాధ చేతులతోని అడిగింది. ఏది ఏదో ఏరే టైం ఎక్కడిది? డబ్బల చెయ్యి వెట్టి ఉన్నయన్ని దాని చేతుల వోసిన.

బస్సుల అన్ని చదివింది. నేను కిటికీల నుంచి బయటికి చూసుకుంట కూసున్న. మేడిపల్లి దాటినంక నా భుజం తట్టింది. మెల్లగ దాని దిక్కు మల్లిన. చేతులతోని అన్నది, "నువ్వు సూది ఏయించకుంటె నీ గునుగుడు ముప్పై ఏండ్ల సంది ఇనాల్సి వస్తుండె నాకు. బతికిన." అని నవ్వింది. తర్వాత నా చెయ్యి తీస్కొని, అప్పుడు కొరికినకాడ, దానికి ఇంక యాదున్నట్టుంది, బొటనేలుతోని నిమిరింది. గింతే. దిగేదాక ఇడవలే.

దవాఖానల మీ అవ్వ తలుపు కాడనే నన్ను పట్టి ఎన్కకు గుంజింది. "అత్తగారోల్లున్నరే, ఇజ్జత్ తియ్యకు" అంటుంది. పెదవులు చదువుడు నాకెవలన్న నేర్పాల్నా? వినవడనట్టు చేసిన. ఇన్నేండ్లల్ల గీ చెవుడు నాకు పనికచ్చింది గా ఒక్కనాడే.

లోపల పిల్లగాడు గాజుపెట్టెల ఉన్నడు, పిడికెడంత. ఒక మందు, కాయిదంల లేనిది, అప్పటికే ఎక్కించిన్రట. రెండోది సిస్టరమ్మ సూదిలకు గుంజుతున్నది. ఆగుండ్రి అని ఒర్లిన. నా గొంతు ఎంత లేస్తదో నాకెర్క లేదు గదా, వార్డంత మల్లి చూసింది. డాక్టరమ్మ కోపంగనే వచ్చింది. కాయిదం చేతుల వెట్టిన. ఆమె చదువుతుంటె నేను ఆమె కండ్లు చూసిన. పైనుంచి కిందికి పోయినయి, మల్ల పైకి పోయినయి. సిస్టరమ్మ దిక్కు చెయ్యి లేపింది. సూది ట్రేల వడ్డది.

ఎనుకకు మలిపి దాని మీదనే రాసింది, ఇంట్లో ఎవరెవరికి అని. నన్ను చూపెట్టిన, అనురాధను చూపెట్టిన, బాలకిషన్ పేరు రాసిన. పిల్లగాని కాయిదాల మీద ఎర్ర పెన్నుతోని పెద్దగ ఏందో రాసింది. వేరే మందు తెప్పిచ్చింది. నా భుజం మీద చెయ్యేసి ఏదో అన్నది, నా కండ్లల్ల నీళ్లుండె, పెదవులు కనవడలే.

లత అత్త అన్నది మాత్రం కనవడ్డది. "గిన్ని చెవుళ్లున్న ఇంటి పిల్లనా మనం చేసుకున్నది?" అన్నది.

పెద్దమ్మ


జగిత్యాల,
సెప్టెంబరు 20

పెద్దమ్మా,

బాబుకు జ్వరం పోయి నాలుగు రోజులైంది. ఇవాళ చెవుల పరీక్ష చేశారు. ఆ గదిలోకి డాక్టరమ్మ నన్ను రానిచ్చింది.

నిద్రపోతున్న పిల్లవాడి చెవిలో వేలి కొనంత రబ్బరు ముక్క పెట్టారు. దాంట్లో నుంచి టిక్కు టిక్కుమని చిన్న చప్పుడు పంపుతారు. నేను చదువుకున్నదే, కాని చూడలేదు. బాగున్న చెవి చప్పుడును విని ఊరుకోదు పెద్దమ్మా. లోపలి కణాలు కదిలి, తిరిగి తామే ఒక చప్పుడు చేస్తాయి. మన ఎవరి చెవులకూ అందనంత సన్నగా. ఆ మిషన్ వినేది దాన్ని. పుట్టి పది రోజులు కాలేదు, కండ్లు సరిగ్గా తెరవడం రాదు, వాడి చెవి జవాబు చెబుతోంది. గీతలు ఒకటి తరువాత ఒకటి లేచాయి. ఎడమ చెవి, తరువాత కుడి చెవి. రెండూ. డాక్టరమ్మ నా వైపు చూసి తల ఊపింది.

మళ్లీ చేసిన నా పరీక్షలోనూ అదే అక్షరం వచ్చింది. వాడికీ ఉన్నట్టే. వాడి నుంచి వాడి పిల్లలకు పోదు, మగవాడు గదా. కాని వాడు బతికినన్నాళ్లు ఆ మందులకు దూరంగా ఉండాలి. ఇక చెవులకు ఎప్పటికీ ఏమీ కాదని కూడా ఎవరూ చెప్పలేరు. శ్రీశైలం బావ ఆ కాగితాన్ని నాలుగు జిరాక్సులు తీయించి ఒకటి జేబులో పెట్టుకున్నాడు. ఫోన్ ఎత్తనందుకు సిగ్గుపడుతున్నాడు.

పరీక్ష అయ్యాక అమ్మ నన్ను వరండాలోకి పిలిచింది. బెంచీ మీద పక్కన కూర్చోబెట్టుకుంది, చాలా రోజుల తరువాత. నా జడ సరిచేస్తూ, "పిల్లగాడు మంచిగున్నడు గదా. ఇగ ఒక్క మాట అను బిడ్డా. మల్ల టెస్టు చేస్తె ఏం లేదని వచ్చిందను. లత అత్తకు, మెట్‌పల్లోల్లకు. అది కాపురం చేసుకోవాలె, నువ్వు చేసుకోవాలె. నేను ఏం తప్పు చేసిననే?" అంది. నువ్వు తప్పు చేయలేదు, నన్ను నడిపించేదంతా నువ్విచ్చిందే అన్నాను. ఆమెకు అదీ నిందలాగే వినపడింది. ఏడ్చింది. నేను పక్కనే కూర్చున్నాను.

నాకు నీ ఉత్తరంలో సిస్టరమ్మ చేతిలోని సూది మాత్రమే కనిపిస్తోంది. అది ఆగింది నువ్వు కోరుట్లలో ఉన్నావు గనక, బస్సు దొరికింది గనక. అమ్మమ్మ చెల్లెలిని కొడిమ్యాలలో ఇచ్చారు గదా. ఆమెకు ఆడపిల్లలు నలుగురు, వాళ్ల పిల్లలు పదకొండు మంది. అక్కడ ఎవరికీ ఏమీ తెలియదు.

రిపోర్టు తప్పని నేను చెప్పను. లతక్క అత్తగారికి ఇవాళ ఎదురుగా కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మెట్‌పల్లి వాళ్లకు ఫోన్ చేసి చెప్పాను. మళ్లీ చేస్తామన్నారు. చేయకపోతే చేయరు.

ఆదివారం కొడిమ్యాల పోతున్నాను. ఒక్కొక్క ఇంట్లో కూర్చుని చెబుతాను. అమ్మ పోవద్దంది. పోతున్నాను.

వందన